చొక్కా లోపల తేలిన ఫోటో

స్క్రూడ్రైవర్ పట్టుకున్న చెయ్యి వణికిన రోజు దుకాణం కట్టేసి ఊరికి పోవాలని మా గఫార్ చిచ్చా అనేవాడు. నా చెయ్యి పోయిన గురువారం వణికింది. వయసు వల్ల కాదు, భయం వల్ల. సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో ఇన్నేళ్లుగా నేను కూర్చుంటున్న గాజు కౌంటర్ వెనకే కూర్చుని, ఒక పాత ఇన్‌స్టంట్ కెమెరా అడుగురేకు విప్పితే, దాని లోపలి వైపు సూదితో గీసిన తెలుగు అక్షరం కనబడింది. ‘ఖా’. ఖాదర్‌బాషాలో ఖా. నా చేతిరాతే. బాగుచేసిన ప్రతి పెట్టె లోపలా మెకానిక్ తన గుర్తొకటి గీసుకోవడం మా పనిలో ఆనవాయితీ. ఇక్కడ ఎవరూ చదవలేరు కదా అని నేను తెలుగులో గీసేవాణ్ణి. కెమెరా తెచ్చిన అమ్మాయి కౌంటర్‌కు అవతల నిలబడి ఫోన్ చూసుకుంటోంది. దేశం విడిచి ఊరికి పోవడానికి కావలసిన నా ఫైనల్ ఎగ్జిట్ కాగితాలు నా వీసా యజమాని, అదే కఫీల్, ఆఫీసులో ఉన్నాయి. ఇంకో పది రోజుల్లో విమానం. ఒక్క కేసున్నా ఎగ్జిట్ పడదు. ఇన్నేళ్లు ఎవరి నోటా పడకుండా నెట్టుకొచ్చిన వాణ్ణి, చివరి పది రోజుల్లో ఈ పెట్టె వెతుక్కుంటూ నా ముందుకే రావాలా అని ఏడుపొచ్చింది.

నేను రాయచోటి నుంచి ఈ ఊరికి వచ్చేనాటికి గఫార్ చిచ్చా ఇక్కడ పాతకాపు. సొంత చిన్నాన్న కాదు, మా నాయన చిన్ననాటి దోస్తు, కడప మనిషి. వీసా తెప్పించి, దుకాణం మీది గదిలోనే నాకూ ఒక మంచం వేశాడు. తెల్లవారి నమాజు కాగానే అల్లం దంచి టీ కాచేవాడు. నిన్నటి రొట్టెలు పెనం మీద వేడిచేసి, ఊరినుంచి వచ్చిన మిరపకాయలతో శెనగ్గింజల ఊరిమిండి నూరేవాడు. ఆ ఘాటు, కిందికి దిగాక స్పిరిటు వాసన, మిషను నూనె వాసన, ఆయన చెవి మడతలో పెట్టుకున్న అత్తరు దూది వాసన, అన్నీ కలిసి దుకాణానికి ఒక వాసన ఉండేది. లెన్సు ముట్టుకునే ముందు మూడుసార్లు చేతులు కడుక్కునేవాడు. నేను రెండుసార్లకే ఆపితే ‘మూడోది ఎవరికిడిసిపెట్టినావు?’ అనేవాడు. ఖర్జూరం డబ్బాల నిండా చచ్చిన కెమెరాల చక్రాలు, స్ప్రింగులు, మేకు తలకాయంత స్క్రూలు. కంపెనీ పార్టు జెద్దా నుంచి వచ్చేలోపు ఆ డబ్బాల్లోంచి వెతికి, ఆకురాయితో రుద్ది, సరిపోయేదాకా మళ్లీ రుద్ది బిగించేవాడు. షట్టరు చెవి దగ్గర పెట్టుకుని నొక్కి, ‘దీనికి దగ్గొచ్చినాది’ అనేవాడు. దగ్గు ఎక్కడుందో నాకు రెండేళ్లకు గానీ వినబడలేదు.

కెమెరా కొనడమంటే అప్పట్లో సంబంధం చూసినట్టే. మూడుసార్లు వచ్చేవారు. మొదటిసారి గాజు బయటినుంచి చూసి పోవడం, రెండోసారి చేతిలోకి తీసుకోవడం, మూడోసారి అన్నదమ్ముల్ని వెంటేసుకు రావడం. సెలవు మీద ఊరికి పోయే మన డ్రైవర్లు ఫిల్ము ఎక్కించడం నేర్చుకోవడానికే ఒక పూట కూర్చునేవారు. ఇక్కడి కుటుంబాల వాళ్లకు మాత్రం ఎక్కువగా కావలసింది ఇన్‌స్టంట్ కెమెరా. నొక్కగానే ముందునుంచి ఫోటో బయటికి వచ్చేది. ఎందుకంత మోజో నాకు మొదట అర్థం కాలేదు, ఫోటోలు అంత బాగా కూడా రావు కదా అనుకున్నాను. ఫిల్ము రోలు అయితే ల్యాబుకు ఇవ్వాలి, ల్యాబులో ఎవడో పరాయివాడు కడగాలి, కడిగేవాడు చూడాలి. ఇన్‌స్టంట్ అయితే ఇంట్లో తీసింది ఇంట్లోనే ఉంటుంది. పెళ్లికూతురినైనా, అక్కచెల్లెళ్లనైనా, ఇంటి ఆడవాళ్ల ముఖం బయటి కంట పడదు.

ఆ కెమెరాకు తెగులు వస్తేనే కష్టం. ఫోటో రోలర్ల మధ్య ఇరుక్కుని ఆగిపోయేది. ఆ ఫోటోలో ఎవరున్నారో ఇంట్లో వాళ్లకు తెలుసు, మాకు తెలియకూడదు. బొమ్మను కడిగే మందు ఫోటో అంచులోనే ఉంటుంది, రోలర్లు దాన్ని నలిపి లోపలికి పరిస్తేనే బొమ్మ తేలుతుంది. కాబట్టి మేము చక్రం చేత్తో తిప్పి ఫోటోను బయటికి లాగిన క్షణం నుంచీ, ఎవరి ఇంట్లోనో వారం కిందట తీసిన బొమ్మ మా టేబుల్ మీద తేలడం మొదలుపెట్టేది. దీనికి చిచ్చా పెట్టిన కట్టడి ఒకటుంది. నేను చేరిన మొదటి నెలలోనే కూర్చోబెట్టి చెప్పాడు.

“వాళ్లింటి ఆడోళ్ల మొగం మన కండ్లబడకూడదురా ఖాదరూ. ఫోటో బయటికొచ్చేటప్పుడే బోర్లా తిప్పల్ల. నల్ల కవర్లో ఎయ్యి, అంటించు, ఆ మనిషి చేతికియ్యి. మధ్యలో నీ టేబులు లేదు, నీ సొరుగు లేదు, నీ జేబు లేదు. అర్థమాయనా?”

“అర్థమాయె చిచ్చా.”

“అర్థమైతే సరిపోదు, భయముండల్ల. దమ్మామ్‌లో మనోడొకడు ల్యాబులో ఎవరిదో ఫోటో ఇంకో కాపీ తీసి పెట్టుకున్నాడంట. వాడి ట్రంకు పెట్టె ఊరికొచ్చినాది, వాడు రాలే.”

ఆ ట్రంకు పెట్టె నా కలల్లోకి చాలా రోజులు వచ్చింది. వాడెవడో, ఆ కథ ఎంత నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ అప్పట్లో నాకున్నదల్లా అలాంటి కథలే. ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, జేబులో ఉందా లేదా అని రోడ్డు మీద నడుస్తూ పదిసార్లు తడుముకునేవాణ్ణి. ఎవరైనా యూనిఫారం మనిషి కెమెరా తెస్తే మళ్లీ తడుముకునేవాణ్ణి. ఊరి పక్కనే సైనిక స్థావరం, దాని గోడ వైపు ఖాళీ కెమెరా తిప్పడానికి కూడా జడుసుకునేవాణ్ణి. కొత్తగా బాగుచేసిన కెమెరాతో టెస్టు ఫోటో తియ్యాలంటే, వీధి వైపు కాదు, మనిషి వైపు కాదు, గోడ మీది క్యాలెండరు వైపే తీసేవాళ్లం. ఇన్నేళ్లలో ఎన్ని వందల క్యాలెండర్లు తీశానో. చలికాలంలో ఇంకో అలవాటు కూడా ఉండేది. ఖమీస్ కొండ మీది ఊరు, పొద్దున పూట వేళ్లు కొంకర్లు పోతాయి. ఆ చలికి ఇన్‌స్టంట్ ఫోటోలో రంగులు సరిగా తేలవు, పాలిపోయి నీలంగా మిగిలిపోతాయి. అందుకని ఫోటో బయటికి రాగానే స్వెట్టరు కింద, చొక్కా లోపలి జేబులో, ఒంటికి ఆనేలా పెట్టుకునేవాళ్లం. పది నిమిషాలు ఒంటి వెచ్చదనం తగిలితే ఎరుపు ఎరుపుగా, పచ్చ పచ్చగా వచ్చేది. టెస్టు ఫోటోలతో ఇలా రోజుకు రెండుమూడుసార్లు చేసేవాణ్ణి. చెయ్యి తనంతట తనే చొక్కా లోపలికి పోయేంతగా అలవాటైపోయింది.

అలాంటి ఒక చలికాలంలో అబూ సాలెహ్ అని ఒకాయన ఇన్‌స్టంట్ కెమెరా తెచ్చాడు. బడిలో లెక్కల మాస్టారు. పొడుగ్గా, వంగినట్టు నడిచేవాడు, పనివాళ్లను కూడా ‘యా సదీక్’ అని, అంటే మిత్రమా అని, మెత్తగా పిలిచేవాడు. లోపల ఒక ఫోటో ఇరుక్కుంది జాగ్రత్త అని రెండుసార్లు చెప్పి వెళ్లాడు. మర్నాడు మధ్యాహ్నం దాన్ని విప్పాను. ఒక చక్రం పన్ను విరిగింది. ఖర్జూరం డబ్బాలోంచి ఇంకోటి తీసి వేశాను, రోలర్లు తుడిచాను, లోపల నా ‘ఖా’ గీశాను, రేకు బిగించి, చక్రం తిప్పాను. ఫోటో బయటికి రావడమూ బయట అజాన్ వినబడడమూ ఒక్కసారే జరిగాయి. అప్పట్లో నమాజు వేళకు షట్టరు దించకపోతే జీపులో తిరిగే మతపోలీసు పెద్దమనుషులు వచ్చి కర్రతో అద్దం మీద కొట్టేవారు. అంతకు ముందు వారమే ఆలస్యమైందని పక్క దుకాణం వాడి ఇఖామా తీసుకుపోయారు. “షట్టర్ రా, షట్టర్!” అని చిచ్చా లోపలినుంచి అరిచాడు. నేను లేచాను. చేతిలోని ఫోటో ఎక్కడ పెట్టానో నాకు తెలియదు. చెయ్యి దానంతట అదే పెట్టేసింది.

నమాజు నుంచి నేను అటునుంచటే రొట్టెల కోసం వెళ్లాను. తిరిగొచ్చేసరికి చిచ్చా షట్టరు సగం ఎత్తి, దారిన పోతూ ఆగిన అబూ సాలెహ్‌కు కెమెరా ఇచ్చి పంపేశాడు. టేబుల్ మీద నల్ల కవరు లేకపోతే, ఫోటో నేనే కెమెరా సంచీలో పెట్టి ఉంటానని అనుకున్నాడట. ఫోటో కూడా ఆయనే ఇచ్చేసి ఉంటాడని నేననుకున్నాను. మధ్యాహ్నం దుకాణం మూసే వేళ అయింది, ఆయన కూరగాయలకు పోయాడు, నేను గదికి వచ్చాను. పొయ్యి వెలిగించి ఒళ్లు వెచ్చబడ్డాక స్వెట్టరు విప్పాను. చొక్కా లోంచి ఫోటో జారి చాప మీద పడింది. బోర్లా పడి ఉంటే నా బతుకు వేరేగా ఉండేదేమో. వెల్లకిలా పడింది.

ముసలమ్మ. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం మీద ముసుగు లేదు. నేను చూడలేదు అని నాకు నేను చెప్పుకున్నాను, కానీ చూశాను. రెండు రెప్పపాట్లు చూశాను. పరాయి ఇంటి ఆడమనిషి ఫోటో, ముసుగు లేని ఫోటో, నా ఒంటికి ఆనుకుని, నా చొక్కా లోపల తేలింది. తీసుకెళ్లి ఇద్దామంటే ‘ఇది ఇప్పటిదాకా ఎక్కడుంది?’ అని అడుగుతాడు. ఏం చెప్పాలి? నా ఛాతీ మీద ఉందని చెప్పాలా? ముసలమ్మ కదా, తల్లి వయసు కదా అనే ఆలోచనే నాకు తట్టలేదు. నాకు ట్రంకు పెట్టె ఒక్కటే కనబడుతోంది. కత్తెర తీసుకున్నాను. కత్తిరిస్తే లోపలినుంచి మందు చిక్కగా కారి వేళ్లకు అంటింది. ముక్కలు ఒక్కొక్కటే పొయ్యిలో వేశాను. అది కాగితంలా కాలదు. ముడుచుకుని, బుసబుసలాడుతూ, గొంతు పట్టేసే కంపు కొడుతూ నల్లగా కరిగింది.

చిచ్చా మెట్లెక్కుతూనే ముక్కు మూసుకున్నాడు.

“ఏం కాల్చినావురా? ఈ కంపేంది?”

చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఆయన కూరగాయల సంచీ కింద పెట్టడం కూడా మర్చిపోయి అట్లాగే నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

“చూసినావా?”

“పడింది చిచ్చా. కండ్లల్లో పడింది.”

“నువ్వు నాకేం చెప్పలే. నేనేం వినలే. కిటికీ తెరువు.”

అంతే. ఆ రోజు వంట చెయ్యలేదు, ఇద్దరం ఎండు రొట్టె తిని పనిలోకి దిగాం. ఆయన నల్ల కవర్ల కట్ట తీసుకొచ్చి నా టేబుల్ మీద, చెయ్యి చాపితే తగిలే చోట పెట్టాడు. అది అక్కడే ఇన్నేళ్లూ ఉంది.

మర్నాడు అబూ సాలెహ్ రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. షట్టరు ఎత్తిన ప్రతిసారీ ముందు వీధి రెండు వైపులా చూసేవాణ్ణి. ఐదో రోజు అబూ సాలెహ్ వచ్చాడు. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి, “యా సదీక్, లోపల ఒక ఫోటో ఉండాలి. మా అమ్మది. అమ్మ ఎప్పుడూ ఫోటోకు ఒప్పుకోలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లే ముందు రోజు ఒక్కసారి ఒప్పుకుంది. మొన్న పోయింది. ఆ ఫోటో వచ్చిందా?” అని అడిగాడు. గట్టిగా కూడా అడగలేదు. చిచ్చా నా వైపు చూశాడు. నేను నిజం చెబితే తనను కూడా పట్టుకుపోతారని ఆయన భయం, అది నాకు తెలుసు. అయినా జవాబు నాకే వదిలేశాడు.

“తెల్లగా వచ్చింది. ఏమీ పడలేదు. పారేశాను,” అన్నాను.

“ఏమీ పడలేదా?”

“లేదు.”

ఆయన తల ఊపి, నాకు కృతజ్ఞతలు కూడా చెప్పి వెళ్లిపోయాడు. మళ్లీ మా దుకాణం వైపు రాలేదు. చిచ్చా తరవాత కొన్నేళ్లకు ఊరికి వెళ్లి అక్కడే పోయాడు. ఈ సంగతి మా మధ్య ఇంకెప్పుడూ రాలేదు.

ఇప్పుడు దుకాణంలో కెమెరాల కంటే ఫోన్ కవర్లు ఎక్కువ. కెమెరా కావలసినవాళ్లు రాత్రి ఫోన్‌లో నొక్కితే రెండు రోజుల్లో గుమ్మం ముందు పెట్టె ఉంటుంది, ఇక్కడికి వచ్చి నా చేతిలోది తిప్పి చూసి, ఫోన్‌లో రేటు చూసుకుని పోతారు. తెగులు వస్తే పార్సెలు కట్టి కంపెనీ సెంటర్‌కు పంపాలి. అక్కడ పన్ను విరిగిన చక్రం కోసం ఎవరూ వెతకరు, లోపలి బోర్డు మొత్తం తీసి కొత్తది పెడతారు. సగం తెగుళ్లకు విప్పే పనే లేదు, తీగ తగిలించి ప్రోగ్రాము మార్చితే చాలు. కొత్త మోడలు ఎలా విప్పాలో నేను వీడియోలు చూసి నేర్చుకుంటున్నాను, నేర్పేవాడికి నా మనవడి వయసుంటుంది. కెమెరా ఉన్న ఫోన్ తేవాలంటేనే జంకిన ఊరిలో ఇప్పుడు ఆడపిల్లలు ముక్కాళ్ల స్టాండు భుజాన వేసుకుని కొండ మీద మబ్బులు తియ్యడానికి పోతున్నారు. పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు ఫోటోలు తీసే ఆడపిల్లలు వచ్చి నాతో లెన్సుల గురించి వాదిస్తారు. నమాజు వేళ అద్దం మీద ఎవరూ కొట్టరు. అంతా మారింది, నేనే మారలేదు. ఇప్పటికీ మెమరీ కార్డు బాగుచెయ్యమని ఇస్తే కంప్యూటర్ తెరను గోడ వైపు తిప్పి, చూడకుండానే కాపీ చేసి ఇస్తాను. కుర్రాళ్లు నవ్వుతారు.

గురువారం వచ్చిన అమ్మాయి తన కారు తనే నడుపుకుంటూ వచ్చింది. ముఖానికి ముసుగు లేదు, అలవాటు కొద్దీ నేనే కళ్లు దించుకున్నాను. పాత ఇన్‌స్టంట్ కెమెరాలు పిల్లల్లో మళ్లీ మోజయ్యాయి, ఫిల్ము కూడా దొరుకుతోంది, ఒక ఫిల్ము ప్యాకెట్టు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని మరీ వచ్చింది. నా ‘ఖా’, దాని పక్కనే ఆనాడు ఖర్జూరం డబ్బాలోంచి తీసి వేసిన చక్రం కనబడ్డాక నేను చేసిన మొదటి పని చెబితే సిగ్గుచేటు. ఆకురాయి తీసుకుని ఆ అక్షరాన్ని రుద్దడం మొదలుపెట్టాను. చక్రం బాగుచేసి, అక్షరం చెరిపేసి ఇచ్చేస్తే పది రోజుల్లో నేను రాయచోటిలో ఉంటాను.

“బాగవుతుందా, పెద్దాయనా?” అని అడిగింది అమ్మాయి. “ఇది మా తాతది. కారులో ఉన్నాడు, దిగను అన్నాడు. ఈ కెమెరా అంటే ఆయనకు పడదు.”

“ఎందుకమ్మా?” అన్నాను, తలెత్తకుండా.

“మా తాతమ్మ జన్మలో ఒక్కసారే ఫోటోకు ఒప్పుకుందట. తాత చెయ్యి వణికి సరిగ్గా నొక్కలేదట, తెల్లగా వచ్చిందట. ఆ తరవాత ఆయన కెమెరా ముట్టలేదు. మా నాన్న పెళ్లికి కూడా. ఇప్పటికీ ఎవరైనా ఫోటో తీస్తుంటే తన చెయ్యి చూసుకుంటాడు.”

నా చేతిలో ఆకురాయి ఆగిపోయింది. నేను చెప్పిన మాట ఆయన నమ్మాడని తెలుసు. ఆ నేరం తన చేతికి అంటగట్టుకుని ఇన్నేళ్లు మోస్తాడని నాకు తెలియదు. కెమెరా బిగించాను. ఫిల్ము ఎక్కించి గోడ మీది క్యాలెండరు తీశాను. ఫోటో వచ్చింది, చెయ్యి దానంతట అదే చొక్కా లోపలికి పోయింది. “లోపల ఎందుకు?” అని ఆ పిల్ల నవ్వింది. చలికి రంగులు తేలవని చెప్పి, కౌంటర్ తలుపు ఎత్తి బయటికి నడిచాను. కారు పది అడుగుల దూరం. పోలీసుస్టేషను, కఫీల్ ముఖం, క్యాన్సిల్ అయిన టిక్కెట్టు, ఆ ట్రంకు పెట్టె, అన్నీ ఆ పది అడుగుల్లోనే కనబడ్డాయి.

ఆయన బాగా కుంగిపోయాడు. ముందు సీట్లో శాలువా కప్పుకుని, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు.

“అబూ సాలెహ్,” అన్నాను, “మీ చెయ్యి వణకలేదు. ఫోటో వచ్చింది. చక్కగా వచ్చింది. భయపడి కాల్చేసింది నేను.”

చొక్కాలో పెట్టుకున్న సంగతి, రొట్టెల సంగతి, పొయ్యి సంగతి, వచ్చిన అరబ్బీలో వచ్చినట్టు చెప్పాను. అమ్మాయి నా వెనక నిలబడి ఉందని, నవ్వు ఆగిపోయిందని తెలుస్తోంది. ఆయన కిటికీలోంచి చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు. ఇక అరుస్తాడు, జనం పోగవుతారు అనుకున్నాను.

“నువ్వు చూశావా?” అన్నాడు.

ఈ ప్రశ్న ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు అడుగుతారని నేను ఇన్నేళ్లూ భయపడ్డాను. ప్రతిసారీ ‘లేదు’ అనే జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను.

“చూశాను.”

“ఎలా ఉంది? చెప్పు.”

చెప్పాను. తలకు పసుపుపచ్చ రుమాలు కట్టుకుంది, చెవి దగ్గర తులసి లాంటి రెమ్మ ఒకటి దోపుకుంది. దిండు వెనక గోడ మీద ఎరుపు, ఆకుపచ్చ గీతల ముగ్గు ఉంది. ఫోటో ఎడమ అంచు వెలుతురు తగిలి తెల్లగా పోయింది, అక్కడ టీ పళ్లెం సగమే కనబడుతోంది. చాల్లే అన్నట్టు కుడి చెయ్యి ఎత్తింది, కానీ నవ్వుతోంది, పైవరసలో ఒక పన్ను లేదు. రెండు రెప్పపాట్లలో ఇంత ఎలా చూశానో తెలియదు. భయం ఒక్క గీత కూడా చెరిగిపోనివ్వలేదు.

“చెయ్యి ఎత్తిందా?” అన్నాడు ఆయన. “అవును, ఎత్తింది. చాల్లేరా అంది.” కళ్లు మూసుకుని సీటుకు తల ఆనించాడు. నా మణికట్టు మాత్రం వదల్లేదు.

“మళ్లీ మొదటినుంచి చెప్పు, యా సదీక్,” అన్నాడు.

పసుపుపచ్చ రుమాలు దగ్గరనుంచి మళ్లీ మొదలుపెట్టాను.